కోరంటి కాగితం

(అబిడ్స్ – నాంపల్లి: మన చరిత్ర, 11వ భాగం)

పోయిన ఆదివారం ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో పెట్టిన బడి గురించి రాశాను. చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, బడి పెట్టిన మరుసటేడే పట్నంలో ప్లేగు కదా. పిల్లలు బడికెట్ల వచ్చిన్రు? ఎవలు రానిచ్చిన్రు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు కోసం 1911కి పోదామని కూర్చుంటే నా మనసు మాత్రం 2021 ఫిబ్రవరి 1కే పోతోంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఇది నా తప్పు కూడా ఉన్న కథ. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

ఆ రోజు సోమవారం. 2020 మార్చి నడుమ మూతబడ్డ కాలేజీలు తెలంగాణలో మళ్లీ తెరుచుకున్న రోజు. నేను పనిచేసే కాలేజీ అబిడ్స్, నాంపల్లి నడుమ ఉంది, పేరు చెప్పను. ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర ఇద్దరు లెక్చరర్లం, ఒక అటెండర్ అన్న కుర్చీలేసుకుని కూర్చున్నాం. నుదుటికి పెట్టే థర్మామీటర్ తుపాకీ, శానిటైజర్ డబ్బా, ఒక రిజిస్టర్. ప్రతి పిల్ల దగ్గరా తల్లిదండ్రుల అంగీకార పత్రం ఉండాలి. అది సర్కారు పెట్టిన నియమం. ఆ పత్రం కింద మా కాలేజీ సొంతంగా ఒక వాక్యం చేర్చింది: ఏమైనా జరిగితే సంస్థకు బాధ్యత లేదని. ఇంకో నియమం కూడా మా కాలేజీదే. హాస్టల్‌లో చేరేవాళ్లు, "ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి లేదా పారిశుధ్య పనుల్లో ఉన్నవాళ్లు" 72 గంటల లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు తేవాలి.

ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. కులం మీద డాక్టరేట్ థీసిస్‌లో మూడు అధ్యాయాలు రాసిన మనిషిని, ఆ నోటీసు కింద సంతకం పెట్టాను. జూమ్ మీటింగ్‌లో ఎవరో "రిస్క్ కేటగిరీ" అన్నారు, అందరం తలలూపాం. ఆ మాటకు అంత శక్తి ఉంది. "మాదిగోళ్ల పిల్లలు వేరే కాగితం తేవాలి" అని ఉంటే నేను లేచి గొడవ చేసేదాన్ని. రిస్క్ కేటగిరీ అనేసరికి సైన్సులా వినిపించింది.

పదిన్నరకు సెకండియర్ అమ్మాయి ఒకతి వచ్చింది. తెలుగు మీడియం, నా క్లాసే. ఆన్‌లైన్ క్లాసుల కాలంలో ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తమ్ముడికీ తనకూ పంచుకుని, నెలకు నాలుగు రోజులు కనబడేది. అంగీకార పత్రం ఇచ్చింది, టెంపరేచర్ బాగానే ఉంది. రిజిస్టర్‌లో తల్లి వృత్తి గడి దగ్గర జీహెచ్‌ఎంసీ అని ఉంది. అటెండర్ అన్న నా వైపు చూశాడు.

"రిపోర్టు తెచ్చినవా బిడ్డా?" అన్నాను.

"నాకేం లేదు మేడం. జ్వరం లేదు, దగ్గు లేదు."

"రూలు ఉంది కదా. గ్రూపులో పెట్టినం చూడలే?"

కాసేపు నేల చూసింది. తర్వాత చేత్తో బయట రోడ్డు చూపించి, "మా అమ్మ పొద్దున ఐదింటికెల్లి ఈ రోడ్డే ఊడుస్తది మేడం. జీపీవో కాడికెల్లి టేషన్ దాకా. పోయినేడు మొత్తం ఊడ్చింది. ఆమెనెవరూ కాగితం అడగలే" అంది.

నా దగ్గర జవాబు లేదు. లేకపోయినా పంపించేశాను. రెండు నిమిషాల తర్వాత కారులోంచి ఒక అమ్మాయి దిగింది. వాళ్ల నాన్న పెద్ద ఆస్పత్రిలో డాక్టర్ అని మా అందరికీ తెలుసు. నోటీసు ప్రకారం ఆమె కూడా రిపోర్టు తేవాలి. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. గుర్తు రాలేదంటే అబద్ధం కాదు. గుర్తు రాకపోవడమే అసలు సంగతి.

మా పిల్ల పక్క బస్తీలోని ఆరోగ్య కేంద్రానికి పోతే, లక్షణాలు లేనివాళ్లకు ఇప్పుడు చెయ్యం, కిట్లు తక్కువ అన్నారట. ప్రైవేటు ల్యాబ్‌లో 500 రూపాయలు. ఈ ధర చరిత్ర కూడా చెప్పుకోవాలి. 2020 జూన్‌లో తెలంగాణ సర్కారు ప్రైవేటు ల్యాబ్‌లో ఆర్‌టీపీసీఆర్‌కు 2,200, ఇంటికొచ్చి తీసుకుంటే 2,800 అని ధర కట్టింది. అదే నవంబర్‌లో 850కి, డిసెంబర్‌లో 500కి దిగింది. అప్పటికి జీహెచ్‌ఎంసీ సఫాయి కార్మికుల జీతం 14,500 నుంచి 17,500కి పెరిగి మూడు నెలలు. ముప్పై రోజులకు భాగిస్తే రోజుకు 583. అంటే తల్లి ఒకరోజు ఊడ్చిన రోడ్డంతా కలిపితే బిడ్డకు ఒక కాగితం. ఆ కాగితం బతికేది మూడు రోజులు. మా దగ్గర క్లాసులు రోజు విడిచి రోజు. శాంపిల్ ఇచ్చి, రిపోర్టు వచ్చి, తన వంతు రోజు వచ్చేసరికి 72 గంటలు దాటిపోయాయి.

రెండోసారి వచ్చినప్పుడు తల్లిని వెంటబెట్టుకొచ్చింది. పని ముగించుకుని అటే వచ్చినట్టుంది, నారింజ రంగు జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది. గేటుకు నాలుగడుగుల దూరంలోనే నిలబడి, మాస్కు పైకి లాక్కుని అడిగింది: "మేడం, దీన్ని కోరంటికి తీస్కపోవాల్నా?"

*

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని, మాట దొరికితే ఊరికే పోనివ్వను.

హైదరాబాద్‌లో పాత మనుషులెవరూ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అనరు. కోరంటి దవాఖాన అంటారు. చిన్నప్పుడు నేను అది గోరింటాకుకు సంబంధించిన పేరేమో అనుకునేదాన్ని. క్వారంటైన్ అనే మాటే మన నోళ్లలో నలిగి నలిగి కోరంటి అయింది. ఆ దవాఖాన 1915లో ఎర్రన్నగుట్ట మీద క్వారంటైన్ ఆస్పత్రిగానే మొదలైంది. తర్వాత నల్లకుంటకు వచ్చింది, సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టుకుంది. బోర్డు మీద పేరు మారినా మనుషుల నాలుక మీద మారలేదు. క్వారంటైన్ మూలం వెనిస్ భాషలో నలభై రోజులు అని అర్థమిచ్చే మాట. మధ్యధరా రేవుల్లో ప్లేగు భయంతో ఓడలను అన్ని రోజులు బయటే నిలిపేవారు. 1377లో రగూసా రేవులో మొదలైనప్పుడు అది ముప్పై రోజులే.

2020 మార్చిలో టీవీ యాంకర్లు క్వారంటైన్ అంటే ఏమిటో బొమ్మలు వేసి వివరిస్తున్నప్పుడు, మన బస్తీల్లో ముసలమ్మలు నవ్వుకుని ఉంటారు. ఆ మాట వాళ్ల దగ్గర వందేళ్లుగా ఉంది. గత్తర అనే మాట కూడా అంతే. కలరా అని పుస్తకంలో రాస్తాం, పల్లెలో అది గత్తరే.

అంటు అనే మాట ఇంకా ముఖ్యం. అంటువ్యాధి, అంటరానివాడు. ఒకే ధాతువు. ఇంట్లో ఎంగిలి గిన్నెలు అంట్లు. ఆ అంట్లు తోమే మనిషి మళ్లీ అంటరానిది. మామిడి కొమ్మకు అంటు కడితే మాత్రం మంచి కాయ కాస్తుంది, దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. సూక్ష్మజీవి అనే మాట పుట్టకముందే మన భాషలో రోగానికీ మనిషికీ ఒకే విశేషణం సిద్ధంగా ఉంది. అందుకే "సామాజిక దూరం పాటించండి" అని రికార్డు వినిపిస్తే మనలో చాలామందికి ఒళ్లు మండింది. భౌతిక దూరం అనొచ్చు కదా అని అప్పుడే రాసినవాళ్లున్నారు. సామాజిక దూరం పాటించడం ఈ దేశానికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

*

ఇక ప్లేగు. 1896 సెప్టెంబర్‌లో బొంబాయిలో బయటపడింది. 1897 ఫిబ్రవరి 4న బ్రిటిష్ సర్కారు అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో మన రాష్ట్రాలు దుమ్ము దులిపి బయటికి తీసింది ఆ చట్టాన్నే. ఎవరినైనా ఆపి పరీక్షించొచ్చు, వేరు చేసి ఉంచొచ్చు, ఇల్లు సోదా చేయొచ్చు.

చట్టం మొదట పట్టుకుంది రైలును. బొంబాయి నుంచి దక్షిణానికి వచ్చే రైళ్లను దారిలో స్టేషన్లలో ఆపి డాక్టర్లు ప్రయాణికులను చూసేవారు. జ్వరముందా, చంకల్లో గజ్జల్లో గడ్డలున్నాయా అని. ఇక్కడే తరగతి తేలుతుంది. మొదటి తరగతి దొరలను, దొరసానులను పెట్టె దగ్గరే పలకరించి పంపేవారు. మూడో తరగతి వాళ్లను ప్లాట్‌ఫాం మీదకు దించి వరుసల్లో నిలబెట్టేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాస్‌పోర్టు అని ఒక కాగితం ఉండేది. రోగం ఉన్న చోటి నుంచి వచ్చిన మనిషి దాన్ని పట్టుకుని, పోయిన ఊళ్లో పది రోజులపాటు అధికారి ముందు హాజరై కనబడాలి. హాఫ్‌కిన్ 1897లో బొంబాయిలో టీకా తయారుచేశాక ఇంకో కాగితం పుట్టింది. టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్ చూపిస్తే నిర్బంధం నుంచి మినహాయింపు. 2021లో మన ఫోన్లలోకి వచ్చిన కోవిన్ సర్టిఫికెట్‌కు అది ముత్తాత.

మన పాఠ్యపుస్తకాల్లో ఆ కాలం గురించి ఒక్కటే ఉంటుంది. పుణెలో ప్లేగు అధికారి రాండ్ మీద 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్పులు జరపడం. ఇళ్లలో జొరబడి ఆడవాళ్లను పరీక్షించారన్న కోపం నిజమే. సోల్జర్ల దౌర్జన్యమూ నిజమే. అయితే ఆనాటి అర్జీల్లో ఇంకో ఫిర్యాదు కూడా మోగుతూ ఉంటుంది: శిబిరాల్లో, ఆస్పత్రుల్లో మమ్మల్ని తక్కువ కులాలతో కలిపి ఉంచుతున్నారని. దాంతో కులానికో సమాజానికో వేరే ప్లేగు ఆస్పత్రులు వెలిశాయి. పుణెలో తిలక్ చొరవతో హిందూ ప్లేగు ఆస్పత్రి వచ్చింది. మా అబిడ్స్‌లో రోజూ తిలక్ రోడ్డు మీంచి నడిచేవాళ్లకు ఆ సంగతి తెలియదు, వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

అదే పుణె దగ్గర అదే ఏడు మార్చిలో ఏం జరిగిందో మనకు తెలుసు, ఈ సిరీస్‌లో ఇంతకుముందు కూడా చెప్పుకున్నాం. ముంఢ్వా మహర్‌వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి సావిత్రీబాయి ఫూలే వెళ్లింది. అరవై ఆరేళ్ల మనిషి. వాడిని వీపున వేసుకుని కొడుకు యశ్వంత్ నడిపే దవాఖానకు మోసుకొచ్చింది. పిల్లవాడు బతికాడు. ఆమె 1897 మార్చి 10న చనిపోయింది. ఆమె ఒక టీచర్. పిల్లవాడి రిపోర్టు అడగలేదు. నేను గేటు దగ్గర కూర్చుని రిపోర్టు అడిగిన టీచర్‌ని. ప్రతి జనవరి 3న ఆమె ఫోటోకు దండ వేసేదాన్ని.

*

హైదరాబాద్ విషయానికొద్దాం. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లోనే వచ్చింది. బొంబాయి దారి అదే. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద పట్నాన్ని ముంచింది, మూడేళ్లు తిరక్కుండానే 1911లో ప్లేగు కమ్ముకుంది. ఈ రెండు దెబ్బల తర్వాత 1912లో నిజాం సర్కారు నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. అప్పటివాళ్ల నోట అది ఆరాయిష్-ఎ-బల్దా. మనం మెచ్చుకుంటూ చూసే పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టిందే. అదే బోర్డు ఇరుకు బస్తీలను కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, వరుస ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. అలా మొహం మారినవాటిలో నాంపల్లి కూడా ఉంది.

గాలి, వెలుతురు, మోరీ. ఇవి రావడం మంచిదే, నేను కాదనను. ప్లేగు ఎలుకల మీది ఈగలతో వస్తుంది కాబట్టి ఇరుకు ఇళ్లు, ధాన్యపు కొట్లు ఉన్నచోట ఎక్కువ. అయితే "రోగం ఉన్న చోటు" అని గీత గీసేటప్పుడు ఆ గీత ఎప్పుడూ ఎవరి గుడిసెల చుట్టూ పడుతుంది? మోజంజాహీ మార్కెట్ పక్కన మాలకుంట రోడ్డు అని ఒకటి ఉంది. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా ఆ పేరు ఒకసారి పైకి చదువుకుంటాను. కుంట లేదు. మిగతాది మీరే ఆలోచించండి.

భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు పెట్టింది ఈ వరదకూ ప్లేగుకూ నడుమ, 1910లో. 1911లో మాన్య సంఘం. తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే: ఆ బడులు పిల్లలున్న చోట పెట్టిన బడులు. పిల్లలను ఎక్కడికో రమ్మని, వచ్చాక గేటు దగ్గర ఆపి నువ్వు శుభ్రమేనా అని అడిగే బడులు కావు. ఆ అడగడం ఎలా ఉంటుందో సతారాలో అంబేడ్కర్‌కు తెలుసు. ఇంటి నుంచి గోనెసంచి తెచ్చుకుని దాని మీదే కూర్చోవాలి, సాయంత్రం దాన్ని ఇంటికే తీసుకుపోవాలి, ఎందుకంటే బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. ఇరవై మూడేళ్లు తిరిగేసరికి వర్మ బడులు 26 అయ్యాయి.

1918 ఇన్‌ఫ్లుయెంజా గురించి వేరే భాగం రాస్తాను. దేశంలో కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా పోయారని అంచనా. అదే ఏడు ఉస్మానియా యూనివర్సిటీ స్థాపన, అబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీలో అద్దె భవనాల్లో మొదలైంది. మహమ్మారీ, కాలేజీ గేటూ ఈ వీధుల్లో ఎదురెదురు పడటం కొత్త కాదని చెప్పడానికే ఇంత వరకు.

*

నా సొంత సంగతి ఒకటి. నేను ఆరో తరగతి నుంచి సంక్షేమ హాస్టల్ పిల్లను. ఏ ఊరు, ఏ హాస్టల్ అని చెప్పను. దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర వరుసలో నిలబెట్టేవాళ్లు. చేతులు ముందుకు చాపి, వేళ్లు ఎడం చెయ్యాలి. వార్డెన్ మేడం వేళ్ల సందుల్లో చూసేది, గజ్జి ఉందా అని. తర్వాత తల వంచితే పెన్సిల్‌తో జుట్టు పాయ తీసి పేలు చూసేది. చేత్తో కాదు, పెన్సిల్‌తో. గజ్జి ఉంటే పక్కన నిలబడాలి, తెల్ల మందు ఒళ్లంతా పూసుకుని మూడు రోజులు వరండాలో పడుకోవాలి. బెంజైల్ బెంజోయేట్ అని తర్వాత తెలిసింది. పుండ్ల మీద పడితే ప్రాణం పోయినంత మంట.

గజ్జి నిజంగా అంటుకుంటుంది. ఒకరికి వస్తే హాలులో నలభై మందికి వస్తుంది. ఆ మందు పనిచేస్తుంది. చూడటమూ అవసరమే. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ గజ్జి ఇంటి నుంచి వచ్చిందని వార్డెన్ ఎట్లా తేల్చింది? నలభై మందికి రెండు నల్లాలు, వారానికి ఒక సబ్బు ముక్క, ఒకే దుప్పట్లో ముగ్గురం. మాకు గజ్జి పట్టింది హాస్టల్‌లో. ఇంటికి పోయినప్పుడు అమ్మ వేపాకు నీళ్లు పోసి తగ్గించి పంపేది. గేటు దగ్గర మాత్రం మేమే గజ్జి మోసుకొచ్చినవాళ్లం. గేటు దగ్గర పరీక్ష పెడితే రోగం ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది, లోపల పుట్టదు.

2021లో అచ్చం ఇదే అయింది. యూజీసీ 2020 నవంబర్‌లో కాలేజీలు తెరవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు, చేతిలో నెగెటివ్ రిపోర్టు ఉన్నా సరే, 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని. హాస్టల్ గదిలో ఒకరితో ఒకరు కలిసి ఉండకూడదని. చదివినప్పుడు నవ్వొచ్చింది. గదికొకరు! మన సంక్షేమ హాస్టళ్లలో గదులు ఎక్కడున్నాయి, హాళ్లు కదా ఉన్నవి. ఆ మార్గదర్శకం రాసినవాళ్లు హాస్టల్ అంటే ఏ హాస్టల్‌ని ఊహించుకున్నారో ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో తెరిచాక మార్చి వచ్చేసరికి గురుకులాల్లో, హాస్టళ్లలో పిల్లలకు గుంపులు గుంపులుగా పాజిటివ్ రావడం మొదలైంది. మార్చి 23న అసెంబ్లీలో ప్రకటించి, 24 నుంచి మెడికల్ కాలేజీలు తప్ప అన్నీ మూసేశారు. తెరిచి ఉన్నవి సరిగ్గా 51 రోజులు. అందులో మా అమ్మాయి కాగితాల మీద పోగొట్టుకున్నవి రెండు వారాలు.

2021 సెప్టెంబర్ 1న మళ్లీ తెరిచారు. దానికి ముందురోజే హైకోర్టు గురుకులాలు, హాస్టళ్లు మాత్రం తెరవొద్దని ఆపింది. పిల్లల ఆరోగ్యం కోసమే. ఆ భయం న్యాయమైనదే. అక్టోబర్ మూడో వారం దాకా అవి మూతే. ఫలితం ఏమిటంటే ఇంట్లో సొంత గది, ఫోను, నెట్ ఉన్న పిల్లలు ముందు క్లాసుకు వచ్చారు. అవేవీ లేక, చదువుకోవాలంటే హాస్టలే దిక్కైన పిల్లలు ఏడు వారాలు పత్తి చేన్లలో ఉన్నారు.

*

ఇంత చెప్పాక, పరీక్షలు వద్దంటున్నావా అని అడిగేవాళ్లుంటారు. వద్దనను. మన వాళ్లు పరీక్ష అందకే ఎక్కువ పోయారు. 2020 ఎండాకాలంలో ఈ పట్నంలో టెస్టు దొరకడం ఎంత కష్టమో మరిచిపోయామా? జూలైలో బస్తీ ఆరోగ్య కేంద్రాల్లో యాంటిజెన్ టెస్టులు మొదలయ్యే దాకా సఫాయి కార్మికులకు, ఆటో డ్రైవర్లకు టెస్టు అంటే గాంధీ దాకా పరుగే. నా గొడవ పరీక్షతో కాదు. పరీక్ష దవాఖాన పని నుంచి గేటు పనిలోకి మారడంతో.

నెగెటివ్ రిపోర్టు అంటే శాంపిల్ తీసిన నిమిషంలో వైరస్ దొరకలేదని మాత్రమే. ఒంట్లోకి చేరిన వైరస్ బయటపడటానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సోమవారం నెగెటివ్, గురువారం పాజిటివ్ కావచ్చు. కాబట్టి ఒక్కసారి అడిగే కాగితం రోగాన్ని ఆపలేదు. నిజంగా ఆపాలంటే మళ్లీ మళ్లీ చెయ్యాలి. అమెరికాలో మన తెలుగు పిల్లలు బోలెడంత మంది చదివే ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపెయిన్‌లో 2020లో అదే చేసింది. ఉమ్మి శాంపిల్‌తో తామే తయారుచేసుకున్న టెస్టు, క్యాంపస్‌లోనే, ఉచితంగా, ప్రతి విద్యార్థికీ వారానికి రెండుసార్లు. కూలివాడి కొడుకైనా ప్రొఫెసరైనా అదే వరుస. వాళ్ల దగ్గర డబ్బుంది, ఒప్పుకుంటా. కానీ మా కాలేజీ నుంచి సర్కారు దవాఖాన నడిచిపోయేంత దూరం. ఒక ఉత్తరం రాసి, వారానికి ఒకరోజు టీమ్‌ను పంపమని అడగడానికి డబ్బు అక్కర్లేదు. మా కమిటీలో ఆ మాట ఎవరికీ తట్టలేదు. పిల్లలను పంపి కాగితం తెప్పించుకోవడమే తట్టింది.

కాగితం చెల్లకపోవడం ఎలా ఉంటుందో కలిగినవాళ్లకు కూడా అదే ఏడు కొంచెం తెలిసింది. కొవాక్సిన్ మన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో పుట్టింది. దాన్ని వేయించుకుని అమెరికా పోదామనుకున్న పిల్లలకు అక్కడి యూనివర్సిటీలు ఇది మా జాబితాలో లేదు, వచ్చాక వేరే టీకా మళ్లీ వేయించుకోండి అన్నాయి. 2021 నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించే దాకా అదే తంతు. ఆ రోజుల్లో మా కాలనీలో ఒకాయన, ఎప్పుడూ రిజర్వేషన్ల మీద ఉపన్యాసాలిచ్చే ఆయన, "ఒంట్లో టీకా ఉంది, మా వాడి కాగితం మాత్రం చెల్లదంట, ఇదేం అన్యాయం మేడం" అని వాపోయాడు. పాపం అనిపించింది, నిజంగానే. కులం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు చెబుదామనుకుని ఊరుకున్నాను.

యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ 1974లో మొదలైంది ఈ వీధిలోనే, నాంపల్లి స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో. థ్రెషోల్డ్ అంటే గడప. ఆ యూనివర్సిటీయే తర్వాత గచ్చిబౌలికి పోయి, 2015 చివర్లో ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ గడప తొక్కొద్దంది. అప్పుడు ఏ వైరసూ లేదు.

*

మళ్లీ గేటు దగ్గరికి. "కోరంటికి తీస్కపోవాల్నా" అని ఆ తల్లి అడిగిన రోజు నేను కుర్చీలోంచి లేచాను. "వద్దక్కా, లోపలికి పంపు" అన్నాను. పక్కనున్న లెక్చరర్ రూలు గుర్తు చేశాడు. నేను రాసిందే కదా, నేనే కొట్టేస్తా అన్నాను. అంత సులువు కాలేదు. కమిటీలో మూడు రోజులు మాటలు పడ్డాను. చివరికి పారిశుధ్య పనులు అన్న ముక్క తీసేశారు, ఆస్పత్రి అన్నది ఉంచారు. అటెండర్ అన్న భార్య ఒక ఆస్పత్రిలో ఆయా అని, ఆ ముక్క వాళ్ల బిడ్డ మీద పడుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆయన ఒక్క మాటా అనలేదు. అంతకు ముందు రెండు వారాలు రోజూ నాతోపాటు ఆ గేటు దగ్గరే కూర్చున్నాడు.

తల్లి మాత్రం లోపలికి రాలేదు. పిల్ల గేటు దాటి మెట్లెక్కేదాకా చూసి, వెనక్కి తిరిగింది. నేను సంజాయిషీ చెప్పబోతే, "గట్లనే ఉంటది మేడం. ఉద్యోగం కదా మీది" అంది. తిడితే బాగుండేది.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. పోయినేడు టీసీ కోసం వస్తే ఆఫీసులో ఆమె ఫైలు తీశారు. అంగీకార పత్రం, దాని కింద తల్లి వేలిముద్ర, దానికి పిన్ను కొట్టి గడువు దాటిన ఆ నెగెటివ్ రిపోర్టు. వెనకాల మా నోటీసు జిరాక్స్, ఐదు సంతకాలు, మూడోది నాది. క్లర్క్ అవసరం లేని కాగితాలు చించేస్తానంటే ఆమె వద్దని అడిగి తీసుకుంది. "ఐదొందలు పెట్టినం మేడం దీనికి" అని నవ్వింది.

అప్పటి నుంచి నేనూ వెతుకుతున్నాను. 2020, 21, 22లో కాలేజీలు, హాస్టళ్లు, గురుకులాలు, ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు ఇచ్చిన నోటీసులు, అంగీకార పత్రాలు, వాట్సాప్ మెసేజ్‌లు మీ దగ్గరుంటే పంపండి. పేర్లు, నంబర్లు చెరిపేసి పంపండి. ఫోన్ మార్చినప్పుడు చాలా పోయుంటాయి, అయినా పాత ఫోన్ ఇంట్లో ఎక్కడో ఉంటే ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూడండి. మీ అమ్మానాన్నలు ఆ రోజుల్లో ఏ పని చేశారో, వాళ్లను ఎవరైనా ఎప్పుడైనా టెస్టు చేశారో కూడా రెండు ముక్కలు రాయండి.

(వచ్చే ఆదివారం: ఎర్రన్నగుట్ట నుంచి నల్లకుంటకు, కోరంటి దవాఖానలో పనిచేసినవాళ్ల కథ)

జై భీమ్.